ఎన్‌ఎఫ్‌టీ కొనమంటున్నారా? హైదరాబాద్‌లో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

అమీర్‌పేటలో ఆదాయపు పన్ను రిటర్నులు వేసే చిన్న ఆఫీసు మాది. మాదాపూర్, గచ్చిబౌలి, కూకట్‌పల్లి వైపు నుంచి వచ్చే ఉద్యోగుల లెక్కల్లో 2022 నుంచి ఎన్‌ఎఫ్‌టీలు, అంటే ఒక బొమ్మకో వీడియోకో యాజమాన్య పత్రంలా అమ్మే డిజిటల్ టోకెన్లు, కనబడటం మొదలైంది. లాభం చూసినవాళ్లు కొద్దిమందే. మొత్తం మీద నష్టపోయినా పన్ను కట్టాల్సిందేనని తెలిసి మొహం వాడిపోయినవాళ్లే ఎక్కువ. వాళ్లు అడిగినవీ, వాళ్ల ఇంట్లోవాళ్లు అడిగినవీ ఇక్కడ రాస్తున్నాం. ఎన్‌ఎఫ్‌టీల మీద మాకు నమ్మకం లేదు. ఎందుకు లేదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ఎన్‌ఎఫ్‌టీ కొంటే నా చేతికి వచ్చేది ఏమిటి?

ఒక పట్టికలో ఒక వరస. బ్లాక్‌చెయిన్ అంటే చాలా కంప్యూటర్లలో ఒకేసారి ఉండే రికార్డు పుస్తకం. ఎథీరియం లాంటి బ్లాక్‌చెయిన్ మీద ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని కాంట్రాక్ట్ అంటారు. ఫలానా నంబరు టోకెన్ ఫలానా వాలెట్ (టోకెన్లు ఉంచుకునే డిజిటల్ ఖాతా) అడ్రస్‌ది అని అది గుర్తుపెట్టుకుంటుంది. మీరు కొన్నప్పుడు పాత అడ్రస్ పోయి మీ అడ్రస్ వస్తుంది. జరిగేది అంతే. 2018లో ఖరారైన ఈఆర్‌సీ-721 అనే పద్ధతి ప్రకారం చాలా ఎన్‌ఎఫ్‌టీలు ఇలాగే నడుస్తాయి.

బొమ్మ ఆ పట్టికలో ఉండటం అరుదు. పెద్ద ఫైలుని బ్లాక్‌చెయిన్ మీద పెట్టడం బాగా ఖర్చుతో కూడిన పని. అందుకని బొమ్మ ఎక్కడుందో చెప్పే లింకు ఒక్కటే పెడతారు.

స్థలం సంగతితో చెబితే మనవాళ్లకి వెంటనే బోధపడుతుంది. ఆదిబట్లలో ప్లాటు కొంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తాం, ఈసీ తీయిస్తాం, లింక్ డాక్యుమెంట్లు లాయరుకి చూపిస్తాం. రేపు ఎవరైనా కబ్జా చేస్తే కోర్టుకెక్కుతాం. ఆ కాగితానికి విలువ వచ్చింది దాని వెనక చట్టం, కోర్టు, పోలీసు ఉండబట్టే. ఎన్‌ఎఫ్‌టీలో రికార్డు ఉంది, దాన్ని చెరపడం కూడా కష్టమే. తేడా వస్తే ఆ రికార్డు పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఈ పేజీలో మేం పదే పదే అడిగేది ఇదొక్కటే.

నా దగ్గరున్న టోకెన్‌లో ఏముందో నేనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా. ఇందుకు పైసా ఖర్చు లేదు. ఎథీరియం మీదిదైతే ఈథర్‌స్కాన్ సైట్ తెరిచి, మీ టోకెన్ కాంట్రాక్ట్ అడ్రస్ అక్కడ పేస్ట్ చేయండి. కాంట్రాక్ట్ అనే ట్యాబ్‌లో రీడ్ కాంట్రాక్ట్ అని ఉంటుంది. అందులో టోకెన్ యూఆర్ఐ అనే వరస వెతికి, మీ టోకెన్ నంబరు కొట్టండి. ఒక లింకు వస్తుంది. దాన్ని తెరిస్తే పేరు, వర్ణన, బొమ్మ చిరునామా ఉన్న నాలుగైదు లైన్ల టెక్స్ట్ ఫైలు కనిపిస్తుంది. లక్షలు పోసి కొన్నది ఈ నాలుగైదు లైన్లు.

ఇప్పుడు ఆ లింకు ఎలా మొదలైందో చూడండి. ఐపీఎఫ్ఎస్ అని మొదలైతే కొంత నయం. ఆ ఫైలుని ప్రపంచంలో ఎవరో ఒకరు తమ కంప్యూటర్‌లో దాచి ఉంచినంత కాలం అది దొరుకుతుంది. మామూలు వెబ్‌సైట్ లింకులా హెచ్‌టీటీపీఎస్ అని ఉంటే, ఆ కంపెనీ సర్వర్ అద్దె కట్టినంత కాలమే మీ బొమ్మ.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్‌ఛేంజీ దివాలా తీశాక, దాని సర్వర్లలో ఉన్న ఎన్‌ఎఫ్‌టీల లింకులు తెరిస్తే బొమ్మలకు బదులు దివాలా వ్యవహారాల పేజీ వచ్చింది. కోచెల్లా సంగీత ఉత్సవం అమ్మిన టోకెన్లకి కూడా ఇదే గతి. 2025 ఏప్రిల్‌లో క్లోన్‌ఎక్స్ అనే ఖరీదైన సేకరణలోని బొమ్మలు ఒకరోజు మాయమయ్యాయి. వాటి స్థానంలో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సర్వీసు నిబంధనలు ఉల్లంఘించారన్న నోటీసు కనబడింది. తర్వాత సరిచేశారు. కానీ బ్లాక్‌చెయిన్ మీద శాశ్వతంగా ఉంటుందని చెప్పి అమ్మిన బొమ్మ ఒక హోస్టింగ్ సర్వీసు దయ మీద ఆధారపడి ఉందని ఆ రోజు అందరికీ తెలిసింది.

సిగ్నల్ యాప్ సృష్టికర్త మాక్సీ మార్లిన్‌స్పైక్ 2022 జనవరిలో ఇంకో సంగతి నిరూపించాడు. ఒకే టోకెన్ ఎన్‌ఎఫ్‌టీలు అమ్మే ఓపెన్‌సీ సైట్‌లో ఒక బొమ్మగా, అలాంటిదే అయిన రారిబుల్ సైట్‌లో మరో బొమ్మగా, కొన్నాక వాలెట్‌లో పెంట ఎమోజీగా కనిపించేలా తయారుచేశాడు. ఓపెన్‌సీ దాన్ని తీసేసింది. తీసేయగానే అది అతని వాలెట్‌లో కూడా కనబడటం మానేసింది. టోకెన్ బ్లాక్‌చెయిన్ మీద భద్రంగానే ఉంది. కానీ వాలెట్ యాప్ బ్లాక్‌చెయిన్‌ని చూడకుండా ఓపెన్‌సీని అడిగి చూపిస్తోంది. మధ్యవర్తులు లేని వ్యవస్థ అన్న మాట నమ్మి డబ్బు పెట్టినవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గురించి తీరిగ్గా ఆలోచించాలి.

బొమ్మ మీద కాపీరైట్ నాదవుతుందా?

టోకెన్ కొన్నంత మాత్రాన అవదు. మన కాపీరైట్ చట్టం 1957లోని 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. చాలా ఎన్‌ఎఫ్‌టీలతో వచ్చేది వాడుకోవడానికి ఒక లైసెన్సు మాత్రమే. దాని షరతులు కంపెనీ వెబ్‌సైట్‌లో ఎక్కడో ఒక మూల ఉంటాయి.

కొన్ని సేకరణలు టోకెన్ ఎవరి దగ్గరుంటే వాళ్లకి వ్యాపార హక్కులు ఇస్తామంటాయి. అక్కడ ఇంకో చిక్కు ఉంది. అమెరికన్ నటుడు సెత్ గ్రీన్ బోర్డ్ ఏప్ అనే ఎన్‌ఎఫ్‌టీ సేకరణలోని తన కోతి బొమ్మతో ఒక టీవీ షో తలపెట్టాడు. 2022 మేలో ఫిషింగ్ దొంగలు, అంటే నకిలీ సైట్లతో మోసం చేసేవాళ్లు, ఆ టోకెన్ కొట్టేశారు. షో తీసే హక్కు ఇప్పుడెవరిది అన్న ప్రశ్న లేచింది. చివరికి దొంగసొత్తు చేరినవాళ్ల దగ్గర భారీగా డబ్బిచ్చి మళ్లీ కొనుక్కున్నాడు.

మరి కోట్లకు కోట్లు ఎలా పలికాయి?

మూడు నాలుగు కారణాలు ఒకేసారి కలిసొచ్చాయి. కోవిడ్ కాలంలో జనం ఇళ్లలో ఉన్నారు, వడ్డీలు తక్కువ, క్రిప్టో ధరలు ఆకాశంలో ఉన్నాయి. క్రిప్టోలో డబ్బు చేసుకున్నవాళ్లకి ఆ డబ్బు తిప్పడానికి ఒక చోటు కావాలి.

2021 మార్చి 11న క్రిస్టీస్ వేలంలో బీపుల్ అనే కళాకారుడి డిజిటల్ చిత్రం 6.93 కోట్ల డాలర్లకు పోయింది. మన పేపర్లన్నీ రాశాయి. కొన్నది తమిళనాడు మూలాలున్న సింగపూర్ క్రిప్టో వ్యాపారి విఘ్నేశ్ సుందరేశన్. పేపర్లలో తక్కువగా వచ్చిన సంగతి ఏమిటంటే, ఆయన సంస్థ అంతకు ముందే బీపుల్ చిత్రాలు ఇరవై కొని, వాటి ఆధారంగా బీ20 అనే టోకెన్లు జారీ చేసింది. బీపుల్ ధర పెరిగితే కొన్నవాడికే లాభం. దీన్ని మోసమని మేం అనడం లేదు. కానీ ఆ ధర చూసి కళకు గిరాకీ పెరిగిందనుకున్న మన కుర్రవాళ్లు ఈ వెనక కథ కూడా తెలుసుకుని ఉండాల్సింది.

అదే నెలలో ట్విట్టర్ వ్యవస్థాపకుడు జాక్ డోర్సీ మొదటి ట్వీట్ ఎన్‌ఎఫ్‌టీగా 29 లక్షల డాలర్లకు అమ్ముడైంది. కొన్నాయన ఏడాది తర్వాత దాన్ని 4.8 కోట్ల డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. గడువు ముగిసేసరికి వచ్చిన పెద్ద పాట దాదాపు 280 డాలర్లు.

ఇక తన టోకెన్ తానే కొనుక్కోవడం. ఒకే మనిషి రెండు వాలెట్లు పెట్టుకుని ఇటు అమ్మి అటు కొంటే, చూసేవాళ్లకి అమ్మకం రికార్డవుతుంది, ధర పెరిగినట్టు ఉంటుంది. 2021 అక్టోబరులో క్రిప్టోపంక్స్ అనే సేకరణలోని 9998 నంబరు బొమ్మ 53 కోట్ల డాలర్లకు పైగా అమ్ముడైనట్టు నమోదైంది. కొన్నదీ అమ్మిందీ ఒకరే. అప్పు తెచ్చి, కొని, అదే లావాదేవీలో అప్పు తీర్చేశారు. షేర్ మార్కెట్‌లో ఇలాంటి పని చేస్తే సెబీ ఊరుకోదు. ఇక్కడ అడిగే నాథుడు లేడు.

నైకీ, స్టార్‌బక్స్ లాంటి పెద్ద బ్రాండ్లే దిగాయి కదా? వాళ్లకి తెలియదా?

మమ్మల్ని అందరికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. ఈ నమ్మకంతోనే చాలామంది డబ్బు పెట్టారు కూడా. కాబట్టి దీనికి కొంచెం వివరంగా చెప్పాలి.

బ్రాండ్లకి తెలుసు. వాళ్లకి తెలిసింది వాళ్ల లెక్క. ఒక పెద్ద కంపెనీకి ఎన్‌ఎఫ్‌టీ అంటే ప్రచార ఖర్చులో చిన్న భాగం. కుర్రకారు మా గురించి మాట్లాడుకుంటారు, పత్రికలు ఉచితంగా రాస్తాయి, టోకెన్లు అమ్మితే ముందే డబ్బొస్తుంది, చేతులు మారిన ప్రతిసారీ ఇంత శాతం రాయల్టీ వస్తుంది. ఆడకపోతే ఒక ప్రకటన విడుదల చేసి మూసేస్తారు. వాటాదారులు పట్టించుకోరు కూడా. కొన్నవాడికి అలా మూసేసుకునే వీలు లేదు. అతనిది జీతంలోంచి తీసిన డబ్బు.

ఏం జరిగిందో వరసగా చూడండి. నైకీ 2021 డిసెంబరులో ఆర్టిఫ్యాక్ట్ అనే డిజిటల్ బూట్ల సంస్థను కొంది. ఇందాక చెప్పిన క్లోన్‌ఎక్స్ వాళ్లదే. సరిగ్గా మూడేళ్లకు, 2024 డిసెంబరులో, దాన్ని మూసేస్తున్నామని ప్రకటించారు. టోకెన్ల మీద ఆశలు పెట్టుకుని నష్టపోయామని 2025 ఏప్రిల్‌లో కొందరు కొనుగోలుదారులు న్యూయార్క్‌లో కేసు వేశారు.

స్టార్‌బక్స్ 2022 సెప్టెంబరులో ఒడిస్సీ అనే పథకం ప్రకటించింది. కాఫీ తాగి, ఆటలాడి, డిజిటల్ స్టాంపులు పోగు చేసుకోవడం. 2023 మార్చిలో వంద డాలర్ల చొప్పున రెండు వేల స్టాంపులు పెడితే ఇరవై నిమిషాల లోపే అయిపోయాయి. 2024 మార్చి 31న పథకం ఆగిపోయింది. పోర్షే 2023 జనవరిలో 7,500 కారు బొమ్మల టోకెన్లు పెడితే మూడో వంతు కూడా పోలేదు, మధ్యలోనే అమ్మకం ఆపేశారు. ఇన్‌స్టాగ్రామ్ 2022 మేలో మొదలుపెట్టి 2023 మార్చిలో విరమించుకుంది. గేమ్‌స్టాప్ మార్కెట్ 2022 జులైలో తెరిచి 2024 ఫిబ్రవరిలో మూసేసింది.

వీళ్లలో ఎవరూ పారిపోలేదు. ఎవరూ చట్టం తప్పినట్టు మేం అనడం లేదు. మేం చెప్పేది ఒక్కటే. బ్రాండ్ పేరు చూసి మీకు కలిగే ధైర్యానికి ఆ బ్రాండ్ ఎక్కడా సంతకం పెట్టలేదు. బూటు కొంటే బిల్లు ఉంటుంది, చిరిగితే షాపుకి తీసుకెళ్తాం. డిజిటల్ బూటు విషయంలో, సేవలు ఎప్పుడైనా ఆపేయవచ్చని ముందే షరతుల్లో రాసుకుంటారు.

మన సినిమా హీరోలు, క్రికెటర్లు కూడా ప్రచారం చేశారు కదా?

చేశారు. 2021 నవంబరులో అమితాబ్ బచ్చన్ గొంతులో కవితా పఠనం, సంతకం చేసిన పోస్టర్లు టోకెన్లుగా వేలం వేస్తే దాదాపు పది లక్షల డాలర్లు వచ్చాయి. క్రికెటర్ల డిజిటల్ కార్డులు అమ్మే కంపెనీల్లోకి 2022లో వందల కోట్ల పెట్టుబడులు వచ్చాయి. అలాంటి కంపెనీల్లో ఒకటి, ఆటగాళ్లతో మాకు ప్రత్యేక ఒప్పందాలున్నాయి, పోటీ యాప్ వాళ్ల బొమ్మలు వాడకూడదు అని ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు పోటీ యాప్‌ని ఆపడానికి ఒప్పుకోలేదు. అధికారిక కార్డు కొన్న అభిమాని ఈ తీర్పు సంగతి తెలుసుకోవాలి. మీ దగ్గర ఉన్న కార్డు ఒక్కటే అధికారికం కావచ్చు, కానీ అదే ఆటగాడి బొమ్మతో మరొకరు మరో కార్డు చేసుకోవచ్చు.

2022 ఏప్రిల్ 1 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి ఒక హెచ్చరికను తప్పనిసరి చేసింది. క్రిప్టో ఉత్పత్తులు, ఎన్‌ఎఫ్‌టీలు నియంత్రణలో లేవు, చాలా ప్రమాదకరం కావచ్చు, నష్టపోతే నియంత్రణ సంస్థల నుంచి పరిహార మార్గం ఉండకపోవచ్చు అని దాని అర్థం. హీరో నవ్వు మొహం పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న ఆ వాక్యమే ప్రకటన మొత్తంలో నిజమైన సమాచారం.

బాగా చదువుకున్నవాళ్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లే ఎక్కువగా ఎందుకు కొన్నారు?

వాళ్లని తెలివితక్కువవాళ్లు అనేవాళ్లంటే మాకు కోపం. హైదరాబాద్‌లో నలుగురు కూర్చుంటే కోకాపేటలో గజం ఎంత, పదేళ్ల కింద ఎంత ఉండేది అన్న మాటే వస్తుంది. మా నాన్న అప్పుడు కొనలేదు అన్న బాధ లేని ఇల్లు తక్కువ. పాతికేళ్ల వయసులో ఉద్యోగంలో చేరిన కుర్రవాడికి స్థలం అందదు, ఫ్లాటు అందదు. ఫోన్‌లో పదివేలకు దొరికేది ఏదో కనబడింది. మొదట్లోనే చేరినవాళ్లు బాగుపడ్డారని కథలు విన్నాడు. ఈసారైనా ముందుండాలనుకున్నాడు.

ఆ కథలు అబద్ధం కాదు. బోర్డ్ ఏప్ బొమ్మలు 2021 ఏప్రిల్‌లో 0.08 ఈథర్‌కి (ఈథర్ అంటే ఎథీరియం మీద నడిచే క్రిప్టో నాణెం) వచ్చాయి, ఏడాదికి అందులో అన్నిటికంటే చవకైనది 150 ఈథర్ పలికింది. 2025 నాటికి అది పదో వంతు ప్రాంతానికి దిగిపోయింది. మొదటివాళ్లు నిజంగానే లాభపడ్డారు. వాళ్లకి ఆ లాభం ఇచ్చింది ఎవరు? ఆ తర్వాత కొన్నవాళ్లు. టోకెన్‌కి అద్దె రాదు, డివిడెండ్ రాదు, పంట పండదు. ఒకరికి వచ్చిన ప్రతి రూపాయీ ఇంకొకరి జేబులోంచి రావాల్సిందే.

డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లోని గ్రూపుల పాత్ర కూడా ఉంది. పొద్దున్నే గుడ్ మార్నింగ్‌లు, ముందుగా కొనే జాబితాలో పేరు రావడానికి రాత్రంతా మేలుకుని మెసేజీలు పెట్టడం, సందేహం అడిగితే భయస్తుడివని గ్రూపు మొత్తం మీద పడటం. ఊరు వదిలి పీజీ గదిలో ఒంటరిగా ఉండే మనిషికి అక్కడ స్నేహం దొరికింది. ధర పడిపోయాక కూడా చాలామంది అమ్మకపోవడానికి కారణం అదే అనుకుంటాం. అమ్మితే నష్టంతో పాటు స్నేహితులు కూడా పోతారు.

సార్, లాస్ వచ్చింది కదా, ఇంక టాక్స్ ఎందుకు?

ఏటా జులైలో ఈ మాట వినబడుతుంది. మన చట్టంలో ఎన్‌ఎఫ్‌టీ వర్చువల్ డిజిటల్ ఆస్తి కిందికి వస్తుంది. 2022 బడ్జెట్ నుంచి వీటి లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్. కొన్న ధర తప్ప మరే ఖర్చూ మినహాయించనివ్వరు. ఒకదాని మీద వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలోంచి తీసేయకూడదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లకూడదు.

లెక్క చూడండి. ఒక టోకెన్ లక్షకి కొని మూడు లక్షలకి అమ్మారు, లాభం 2,00,000. ఇంకోటి రెండున్నర లక్షలకి కొని యాభై వేలకి అమ్మారు, నష్టం 2,00,000. మీ చేతిలో మిగిలింది సున్నా. కట్టాల్సిన పన్ను 60,000, సెస్ 2,400, మొత్తం 62,400 రూపాయలు.

చాలామంది మరిచిపోయేది ఇంకోటి. ఈథర్ ఇచ్చి ఎన్‌ఎఫ్‌టీ కొంటే, చట్టం దృష్టిలో మీరు ఆ ఈథర్‌ని అమ్మినట్టే. లక్షన్నరకి కొన్న ఈథర్ విలువ రెండు లక్షలైన రోజున దానితో బొమ్మ కొంటే, యాభై వేల లాభం మీద 15,600 పన్ను పడుతుంది. ఆ బొమ్మ తర్వాత సున్నా అయినా ఆ పన్ను పోదు. మా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి బ్యాంకు ఖాతాలో ఒక్క రూపాయి కూడా వెనక్కి రాలేదు, పన్ను మాత్రం వచ్చింది.

ఇది కాక 2022 జులై 1 నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ ఉంది. విదేశీ సైట్‌లో చేశాను, ఎవరికి తెలుస్తుంది అనుకోకండి. వాలెట్‌లోకి డబ్బు వెళ్లింది ఇక్కడి ఎక్స్‌ఛేంజీ నుంచే, మీ పాన్ నంబరుతోనే. రిటర్నులో వీటికి ప్రత్యేకంగా షెడ్యూల్ ఉంది, నింపండి. ప్రతి లావాదేవీ తేదీ, ఆ రోజు రూపాయల్లో విలువ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి. సైట్లు మూతపడ్డాక ఆ వివరాలు దొరకవు.

కళాకారులకి మేలు జరిగింది కదా?

కొందరికి జరిగింది, అందులో సందేహం లేదు. గ్యాలరీ మొహం చూడని డిజిటల్ కళాకారులకి ఆ రెండేళ్లలో మంచి డబ్బొచ్చింది. అది వాళ్ల కష్టార్జితం.

కానీ వాళ్లకి ఇచ్చిన పెద్ద మాట నిలబడలేదు. బొమ్మ చేతులు మారిన ప్రతిసారీ కళాకారుడికి రాయల్టీ వస్తుంది, అది కోడ్‌లోనే ఉంటుంది, ఎవరూ ఆపలేరు అన్నారు. నిజానికి చాలావరకు ఆ రాయల్టీ కట్టించింది కోడ్ కాదు, మార్కెట్ సైట్లు. వాటి మధ్య పోటీ ముదిరాక రాయల్టీ కోసుకోవడం మొదలైంది. 2023 ఆగస్టులో ఓపెన్‌సీ కూడా రాయల్టీని అమ్మేవాడి ఇష్టానికి వదిలేస్తున్నట్టు ప్రకటించింది.

దొంగతనాల సంగతి చెప్పనక్కర్లేదు. తన ఉచిత సాధనంతో తయారైన టోకెన్లలో 80 శాతానికి పైగా కాపీ బొమ్మలో, నకిలీ సేకరణలో, స్పామో అని 2022 జనవరిలో ఓపెన్‌సీయే చెప్పింది. మన చేర్యాల నకాషీ బొమ్మను ఎవరో ఫోటో తీసి టోకెన్ చేస్తే, చేర్యాలలో కూర్చుని బొమ్మ వేసిన మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? చేర్యాల చిత్రాలకి భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఫిర్యాదు చేయడానికి ఒక చట్టం, ఒక రిజిస్ట్రీ ఉన్నాయి. కళ మీద ప్రేమతో పదివేలు ఖర్చు పెట్టాలనుకుంటే చేర్యాల వెళ్లి ఒక పటం కొనుక్కోండి. డబ్బు నేరుగా వేసినవాళ్ల చేతికి వెళ్తుంది, పటం మీ గోడ మీద ఉంటుంది.

వీటికి కరెంటు విపరీతంగా ఖర్చవుతుందట, నిజమేనా?

ఎథీరియం విషయంలో ఇప్పుడు కాదు. 2022 సెప్టెంబరులో లావాదేవీలను ధ్రువీకరించే పద్ధతి మార్చాక దాని విద్యుత్ వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. విమర్శించేటప్పుడు పాత లెక్క చెప్పకూడదు.

బ్లాక్‌చెయిన్‌ని మన ప్రభుత్వమే ప్రోత్సహిస్తోందిగా?

హైదరాబాద్‌లో బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ పెడతామని 2018లో అప్పటి తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన మాట నిజం. చిట్‌ఫండ్ల రికార్డుల కోసం టీ-చిట్స్ అనే వ్యవస్థ కూడా వచ్చింది. అయితే చిట్టీలకి 1982 నాటి చట్టం ఉంది, చిట్స్ రిజిస్ట్రార్ ఉన్నాడు. కంపెనీ డబ్బు ఇవ్వకపోతే ఆయన దగ్గరికి వెళ్తారు. బ్లాక్‌చెయిన్ అక్కడ రికార్డు పుస్తకం మాత్రమే. ఆ సాంకేతికతకు వచ్చిన మంచి పేరుని కోతి బొమ్మలు అమ్మేవాళ్లు వాడుకుంటే జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు ధరలు పడిపోయాయి, చవకగా కొనిపెట్టుకోవచ్చా?

వద్దనే చెబుతాం. డాప్‌గ్యాంబుల్ అనే సంస్థ 2023 సెప్టెంబరులో 73,257 సేకరణలు పరిశీలిస్తే, 69,795 సేకరణల మార్కెట్ విలువ సున్నా అని తేలింది. చవక అన్నమాట వర్తించాలంటే రేపు కొనేవాడు ఒకడుండాలి. తెర మీద కనిపించే ధర అమ్మేవాడు అడుగుతున్న ధర. కొంటామని నిజంగా డబ్బు పెట్టినవాళ్ల ఆఫర్లు వేరే చోట ఉంటాయి, అవి చూడండి. చాలా వాటికి ఒక్క ఆఫర్ కూడా ఉండదు.

మా అబ్బాయి కొన్నాడు, ఇంట్లో గొడవ అవుతోంది. ఏం చేయమంటారు?

ముందు గొడవ ఆపండి. తిడితే దాస్తాడు, దాచి ఇంకా అప్పు చేస్తాడు. మా ఆఫీసులో తండ్రీకొడుకుల మధ్య ఇలాంటి మాటలు చాలా విన్నాం. "నాన్నా, ఇంకో ఆర్నెల్లు ఆగితే పెరుగుతుంది" అని కొడుకు, "ముందే చెప్పినా విన్నావా" అని తండ్రి. రెండు మాటల వల్లా ఒరిగేదేమీ లేదు. పర్సనల్ లోనో, క్రెడిట్ కార్డు అప్పో, లోన్ యాప్ అప్పో చేసి కొన్నాడా అన్నది మొదట తేల్చుకోండి. అప్పుంటే దాన్ని తీర్చే దారి చూడండి, టోకెన్ సంగతి తర్వాత. అమ్ముడుపోయేది ఏదైనా ఉంటే అమ్మేయమనండి, పన్ను లెక్క కట్టుకోండి. పోయిన డబ్బు రాబట్టుకోవడానికి ఇంకోటి కొంటానంటే మాత్రం గట్టిగా వద్దనండి.

వాలెట్‌లోంచి టోకెన్ పోయింది, ఎవరికి చెప్పాలి?

వెంటనే 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. హైదరాబాద్‌లో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది. బ్యాంకు నుంచి, యూపీఐ నుంచి వెళ్లిన డబ్బైతే మొదటి గంటల్లో చెబితే ఆపగలిగే అవకాశం ఉంటుంది. వాలెట్ నుంచి వాలెట్‌కి వెళ్లిన టోకెన్‌ని వెనక్కి తెప్పించడం చాలా కష్టం. అయినా ఫిర్యాదు నంబరు తీసుకోండి, లావాదేవీ హ్యాష్ (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య) రాసి ఉంచండి.

పోగొట్టుకోకుండా ఉండాలంటే సీడ్ ఫ్రేజ్, అంటే వాలెట్‌కి తాళంచెవి లాంటి మాటల వరస, ఎవరికీ చెప్పకండి, కస్టమర్ కేర్ అన్నా సరే. మీ వాలెట్‌లో మీరు కొనని టోకెన్ ఏదైనా వచ్చి పడితే దాన్ని ముట్టుకోకండి, అందులోని లింకు నొక్కకండి. అన్ని టోకెన్ల మీదా అనుమతి ఇవ్వమని సైట్ ఏదైనా సంతకం అడిగితే ఆ ట్యాబ్ మూసేయండి. పోయిన సొమ్ము తిరిగి తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అని టెలిగ్రామ్‌లో వచ్చేవాళ్లు రెండో విడత దొంగలు.

కుటుంబంలో ఒకరు చనిపోయారు, వాళ్ల వాలెట్‌లోని టోకెన్లు మాకు వస్తాయా?

చట్టప్రకారం వారసులకి హక్కు ఉంటుంది. కానీ బ్యాంకులోలా నామినీ ఫారం లేదు, డెత్ సర్టిఫికెట్, వారసుల ధ్రువపత్రం తీసుకెళ్లి చూపించడానికి ఆఫీసు లేదు. సొంత వాలెట్‌లో ఉంటే సీడ్ ఫ్రేజ్ దొరికితేనే తెరుచుకుంటుంది. ఎక్స్‌ఛేంజీ ఖాతాలో ఉన్నదైతే ఆ కంపెనీకి కాగితాలతో రాయాలి. ఇప్పటికే ఇలాంటివి ఉన్నవాళ్లు వాలెట్ పేరు, అడ్రస్ ఒక కాగితం మీద, సీడ్ ఫ్రేజ్ ఇంకో కాగితం మీద రాసి బ్యాంకు లాకర్‌లో పెట్టండి. ఫలానా చోట ఉందని ఇంట్లో ఒకరికైనా చెప్పండి. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోవద్దు.